‘-వై’ పెట్టినా ఆగిపోతోందా? ప్యాకేజీల ఇన్‌స్టలేషన్‌పై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చిక్కు గురించి. షెల్ స్క్రిప్టు (కమాండ్లను వరుసగా నడిపే ఫైలు) రాసి, నడిపి, వదిలి వెళ్లారు. తిరిగొచ్చి చూస్తే అది సగంలో నిలబడి ఉంది. అందుకే ఈ సంచిక మొత్తం ఆ ప్రశ్నలకే ఇచ్చాం. ఉదాహరణలు ఎక్కువగా డెబియన్, ఉబుంటు అనే లినక్స్ సిస్టంలవి. కమాండ్లను పలికే తీరున తెలుగు లిపిలో ఇస్తున్నాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్ల (ప్రోగ్రాములకు సెట్టింగులు అందించేవి) పేర్లు మాత్రం పూర్తిగా పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ప్రశ్న: ఉబుంటు సర్వర్ మీద ‘ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ -వై’ అని స్క్రిప్టులో పెట్టి రాత్రి వదిలేశాను. పొద్దున చూస్తే ఊదారంగు తెర మీద ఏదో ప్రశ్న అడుగుతూ కూర్చుంది. ‘-వై’ అంటే అన్నిటికీ అవుననే కదా? (విజయవాడ)

కాదు. ‘-వై’ జవాబు చెప్పేది, ప్యాకేజీలను తెచ్చి పెట్టే కమాండైన ఆప్ట్-గెట్ అడిగే ప్రశ్నకు మాత్రమే. ‘ఇన్ని ఎంబీలు దిగుమతి అవుతాయి, కొనసాగించాలా?’ అన్నదే ఆ ప్రశ్న. ఒక ఇన్‌స్టలేషన్‌లో ప్రశ్నలు అడిగేవాళ్లు ఒక్కరు కాదు, కనీసం నలుగురు. ఒకరికి చెప్పిన జవాబు ఇంకొకరికి వినపడదు.

మొదటివాడు ఆప్ట్-గెట్. రెండోవాడు డెబ్‌కాన్ఫ్. ప్యాకేజీ తన సొంత ప్రశ్నలు అడగడానికి దీన్ని వాడుకుంటుంది. మూడోవాడు డీపీకేజీ, ప్యాకేజీలను డిస్కు మీద అమర్చేది ఇదే. మీరు మార్చిన కాన్ఫిగరేషన్ ఫైలును ఏం చేయాలని అడుగుతుంది. నాలుగోవాడు నీడ్‌రీస్టార్ట్. ఉబుంటు 22.04 సర్వర్ వాడినవాళ్లందరికీ ఇది పరిచయమే. ఇన్‌స్టలేషన్ అంతా అయ్యాక ‘ఏ సర్వీసులను రీస్టార్ట్ చేయమంటారు?’ అని జాబితా ముందు పెడుతుంది. మీరు చూసిన ఊదారంగు తెర రెండోవాడిదో నాలుగోవాడిదో అయ్యుంటుంది.

డెబ్‌కాన్ఫ్, నీడ్‌రీస్టార్ట్‌ల నోరు మూయించడానికి, స్క్రిప్టు రూట్‌గా (పూర్తి అధికారాలున్న యూజర్‌గా) నడుస్తుంటే, పైనే ఈ రెండు వరుసలు పెట్టండి:

ఎక్స్‌పోర్ట్ డెబియన్_ఫ్రంటెండ్=నాన్ఇంటరాక్టివ్
ఎక్స్‌పోర్ట్ నీడ్‌రీస్టార్ట్_మోడ్=ఏ

రెండో వరుసలో ‘ఏ’ అంటే సర్వీసులను తానే రీస్టార్ట్ చేసుకుంటుంది. ‘ఎల్’ పెడితే జాబితా చూపించి ఊరుకుంటుంది. ఈ విలువలు చిన్న అక్షరాల్లోనే ఉండాలి. నడుస్తున్న డేటాబేస్ సర్వర్ మీద ‘ఏ’ పెట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

చాలామంది బోల్తా పడేది సుడో (రూట్ అధికారంతో కమాండ్ నడిపేది) దగ్గర. ‘డెబియన్_ఫ్రంటెండ్=నాన్ఇంటరాక్టివ్ సుడో ఆప్ట్-గెట్ …’ అని రాస్తారు. సుడో మామూలుగా తనకు అందిన ఎన్విరాన్‌మెంట్‌ను తుడిచేసి కొత్తగా మొదలుపెడుతుంది. కాబట్టి ఆ వేరియబుల్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. స్క్రిప్టు పైన ఎక్స్‌పోర్ట్ చేసి కింద సుడో వాడినా ఫలితం అదే. వేరియబుల్‌ను సుడోకు తర్వాత పెట్టాలి:

సుడో డెబియన్_ఫ్రంటెండ్=నాన్ఇంటరాక్టివ్ ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ -వై ఇంజిన్‌ఎక్స్

ఇప్పటికే ఆగిపోయిన స్క్రిప్టు ఏ ప్యాకేజీ దగ్గర ఆగిందో తెలియాలంటే మరో టెర్మినల్ తెరిచి ‘పీఎస్‌ట్రీ -ఏ’ కొట్టండి. డెబ్‌కాన్ఫ్ ఫ్రంటెండ్ నడుస్తుంటే దాని పక్కనే పోస్ట్‌ఇన్‌స్ట్ (ప్యాకేజీని అమర్చాక నడిచే) స్క్రిప్టు పూర్తి దారి కనిపిస్తుంది. ఆ ఫైలు పేరులో చుక్కకు ముందున్నదే దోషి ప్యాకేజీ. జరిగినదంతా ‘/వార్/లాగ్/ఆప్ట్/టర్మ్.లాగ్’లో కూడా ఉంటుంది.

ఇంకో మాట. హోల్డ్‌లో (వెర్షన్ మారకుండా) పెట్టిన ప్యాకేజీని మార్చాల్సి వచ్చినా, సంతకం సరిచూడలేని ప్యాకేజీ వచ్చినా, తప్పనిసరి ప్యాకేజీని తీసేయాల్సి వచ్చినా ‘-వై’ ఉన్నప్పటికీ ఆప్ట్-గెట్ పని ఆపేస్తుంది. అది లోపం కాదు, కాపలా. పాత పుస్తకాల్లో దీనికి ‘--ఫోర్స్-యెస్’ అని మందు రాసి ఉంటుంది. దాన్ని ఎప్పుడో పక్కన పెట్టారు. ‘--అలౌ-డౌన్‌గ్రేడ్స్’, ‘--అలౌ-చేంజ్-హెల్డ్-ప్యాకేజెస్’ లాంటి విడివిడి అనుమతుల్లో మీకు అవసరమైనదొక్కటే ఇవ్వండి.

ప్రశ్న: ఇన్ని వేరియబుళ్లు ఎందుకు, ‘యెస్’ కమాండ్‌ను పైప్ చేసేస్తే (దాని అవుట్‌పుట్‌ను ఆప్ట్-గెట్‌కు ఇన్‌పుట్‌గా ఇచ్చేస్తే) సరిపోతుంది కదా అంటున్నాడు మా సహోద్యోగి. నిజమేనా? (హైదరాబాద్)

ఈ చిట్కా పని చేసిన రోజే ఎక్కువ నష్టం చేస్తుంది. ‘యెస్’ ఆగకుండా ‘వై’ అనే అక్షరాన్ని పంపుతూ ఉంటుంది. ఆప్ట్-గెట్ దగ్గర ‘వై’ అంటే కొనసాగించు. డీపీకేజీ కాన్ఫిగరేషన్ ఫైలు గురించి అడిగినప్పుడు మాత్రం ‘వై’ అంటే ‘ప్యాకేజీతో వచ్చిన కొత్త ఫైలు పెట్టు’ అని అర్థం. మీ ఫైలును అలాగే ఉంచాలంటే ‘ఎన్’ అనాలి. అక్కడ డిఫాల్ట్ కూడా ‘ఎన్’యే. ఊరికే ఎంటర్ నొక్కినా మీ సెట్టింగులు మిగిలేవి, ‘యెస్’ పైప్ చేస్తే పోతాయి. దీనికి తోడు స్క్రిప్టులో ‘సెట్ -ఓ పైప్‌ఫెయిల్’ (పైపులో ఏ ఒక్కటి విఫలమైనా మొత్తం విఫలమైనట్టే అనేది) ఉంటే, ఆప్ట్-గెట్ పని ముగించి పైపు మూసేసినప్పుడు ‘యెస్’ 141 కోడ్‌తో చనిపోతుంది. అంతా సవ్యంగా జరిగినా మీ స్క్రిప్టు విఫలమైనట్టు చూపిస్తుంది.

డీపీకేజీ ఈ ప్రశ్న ప్రతిసారీ అడగదు. పాత ప్యాకేజీతో వచ్చిన ఫైలు, ఇప్పుడు డిస్కు మీదున్న ఫైలు, కొత్త ప్యాకేజీతో వస్తున్న ఫైలు, ఈ మూడింటినీ చెక్‌సమ్‌లతో (ఫైలు వేలిముద్రల్లాంటి విలువలతో) పోలుస్తుంది. మీరు ముట్టుకోని ఫైలైతే చప్పుడు చేయకుండా కొత్తది పెడుతుంది. మీరు మార్చారు గానీ ప్యాకేజీ మార్చలేదంటే మీదే ఉంచుతుంది. ఇద్దరూ మార్చినప్పుడే అడుగుతుంది. అందుకే పరీక్ష మెషీన్ మీద సాఫీగా సాగిన స్క్రిప్టు, ఏళ్లుగా వాడుతున్న సర్వర్ మీద ఆగిపోతుంది. పరీక్ష మెషీన్ మీద ఎవరూ ఏ ఫైలూ మార్చి ఉండరు.

ఇక్కడ డెబియన్_ఫ్రంటెండ్ పనికిరాదు, ఈ ప్రశ్న డెబ్‌కాన్ఫ్‌ది కాదు కాబట్టి. డీపీకేజీకి విడిగా చెప్పాలి:

ఆప్ట్-గెట్ -వై -ఓ డీపీకేజీ::ఆప్షన్స్::="--ఫోర్స్-కాన్ఫ్‌డెఫ్" -ఓ డీపీకేజీ::ఆప్షన్స్::="--ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్" అప్‌గ్రేడ్

‘ఆప్షన్స్’ తర్వాత కూడా రెండు కోలన్లు ఉన్నాయి, గమనించండి. ఇది జాబితాకు చేర్చే పద్ధతి. ఆ కోలన్లు మరిచిపోతే ఆప్షన్ డీపీకేజీకి అందదు, మీకు తెలియనూ తెలియదు. ‘కాన్ఫ్‌డెఫ్’ అంటే డిఫాల్ట్ నిర్ణయం ఉంటే దాన్నే తీసుకో అని. ‘కాన్ఫ్‌ఓల్డ్’ అంటే డిఫాల్ట్ లేని చోట పాత ఫైలు ఉంచు అని. కొత్త ఫైలు వృథా పోదు, పక్కనే ‘.డీపీకేజీ-డిస్ట్’ తోకతో ఉంటుంది. పెద్ద అప్‌గ్రేడ్ తర్వాత ‘ఫైండ్ /ఈటీసీ -నేమ్ "*.డీపీకేజీ-*"’ కొట్టి ఒక్కొక్కటీ చూసుకోవాలి. పాత ఫైలు ఉంచడం మంచిదే గానీ, కొత్త వెర్షన్ తీసేసిన సెట్టింగు అందులో మిగిలి ఉంటే సర్వీసు లేవనంటుంది.

ఇంతటితో అయిపోలేదు. ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ సర్వర్, గ్రబ్ లాంటి కొన్ని ప్యాకేజీలు తమ ఫైళ్లను డీపీకేజీకి అప్పగించవు. యూసీఎఫ్ అనే మరో పనిముట్టు ద్వారా చూసుకుంటాయి. దానికి వేరియబుల్ వేరే: యూసీఎఫ్_ఫోర్స్_కాన్ఫ్‌ఫోల్డ్=1. డీపీకేజీ ఆప్షన్‌లో ‘కాన్ఫ్’ దగ్గర ‘ఎఫ్’ ఒక్కటే, యూసీఎఫ్ వేరియబుల్‌లో రెండు. ఈ ఒక్క అక్షరం తేడాకు ఎన్ని గంటలు బలవుతాయో చెప్పలేం.

ప్రశ్న: నాన్ఇంటరాక్టివ్ పెడితే అడగడం మానేసింది, బాగుంది. కానీ వైర్‌షార్క్ (నెట్‌వర్క్ ప్యాకెట్లను చూపే ప్రోగ్రాం) విషయంలో రూట్ కాని యూజర్లకు కూడా ప్యాకెట్లు పట్టుకునే అనుమతి నాకు కావాలి. అది ‘వద్దు’ అనుకుని వెళ్లిపోతోంది. (గుంటూరు)

నాన్ఇంటరాక్టివ్ అంటే ‘అడగకు, డిఫాల్ట్ తీసుకో’ అని. వైర్‌షార్క్‌లో ఆ ప్రశ్నకు డిఫాల్ట్ ‘వద్దు’. మీ జవాబును ఇన్‌స్టలేషన్‌కు ముందే డెబ్‌కాన్ఫ్‌కు అందించాలి:

ఎకో "వైర్‌షార్క్-కామన్ వైర్‌షార్క్-కామన్/ఇన్‌స్టాల్-సెట్‌యుఐడి బూలియన్ ట్రూ" | డెబ్‌కాన్ఫ్-సెట్-సెలెక్షన్స్

వరుసలో నాలుగు భాగాలు: ప్యాకేజీ పేరు, ప్రశ్న పేరు, రకం, విలువ. రకానికీ విలువకూ మధ్య ఒక్క ఖాళీ మాత్రమే ఉండాలి. రెండో ఖాళీ పడితే అది విలువలో భాగమైపోతుంది. అందంగా నిలువు వరుసల్లో సర్దుదామని ట్యాబులు కొట్టేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. యూజర్లను వైర్‌షార్క్ గ్రూపులో చేర్చడం మీ పనే.

వేరే ప్యాకేజీకి ప్రశ్న పేరు తెలుసుకోవాలంటే ఒక పరీక్ష మెషీన్ మీద దాన్ని చేత్తో ఇన్‌స్టాల్ చేసి అడిగినవాటికి జవాబులివ్వండి. తర్వాత ‘డెబ్‌కాన్ఫ్-యుటిల్స్’ ప్యాకేజీ పెట్టుకుని ‘డెబ్‌కాన్ఫ్-గెట్-సెలెక్షన్స్’ అవుట్‌పుట్‌లో ఆ ప్యాకేజీ పేరును గ్రెప్‌తో వెతకండి. వచ్చిన వరుసలనే స్క్రిప్టులో పెట్టుకోవచ్చు. ప్యాకేజీ ఇప్పటికే పడి ఉంటే జవాబు అందించినంత మాత్రాన ఏమీ మారదు, ‘డీపీకేజీ-రీకాన్ఫిగర్’ నడపాలి.

ప్రశ్న: డాకర్ ఇమేజ్‌లో (కంటెయినర్లకు అచ్చు లాంటిది) టైంజోన్ల ప్యాకేజీ టీజెడ్‌డేటాను నాన్ఇంటరాక్టివ్‌గా పెట్టాం. లాగుల్లో టైము ఐదున్నర గంటలు వెనక ఉంది. ఆసియా/కోల్‌కతా అని డెబ్‌కాన్ఫ్‌కు చెప్పి రీకాన్ఫిగర్ చేసినా మారడం లేదు. (బెంగళూరు)

అడిగేవాడు లేకపోతే టీజెడ్‌డేటా యూటీసీ తీసుకుంటుంది. మన టైముకు తేడా సరిగ్గా ఆ ఐదున్నర గంటలే. రీకాన్ఫిగర్ చేసినప్పుడు అది మీరు అందించిన జవాబును చూడదు. సిస్టంలో ఇప్పటికే ఉన్న టైంజోన్‌ను చదివి, దాన్నే మళ్లీ రాస్తుంది. కాబట్టి ముందు లింకు మార్చాలి:

ఎల్ఎన్ -ఎఫ్ఎస్ /యుఎస్ఆర్/షేర్/జోన్‌ఇన్ఫో/ఆసియా/కోల్‌కతా /ఈటీసీ/లోకల్‌టైమ్

ఆ తర్వాత ‘డీపీకేజీ-రీకాన్ఫిగర్ -ఎఫ్ నాన్ఇంటరాక్టివ్ టీజెడ్‌డేటా’. దారిలో ‘ఆసియా’, ‘కోల్‌కతా’ రెండింటికీ మొదటి అక్షరం పెద్దది.

డాకర్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో రెండు మాటలు. డాకర్‌ఫైలులో (ఇమేజ్ తయారీ సూచనలుండే ఫైలు) డెబియన్_ఫ్రంటెండ్‌ను ‘ఎన్వ్’తో పెడితే అది ఇమేజ్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది. ఆ ఇమేజ్ వాడేవాళ్లు చేత్తో ఇన్‌స్టాల్ చేసినా ప్రశ్నలు రావు. ‘ఆర్గ్’ వాడితే బిల్డుతోనే పోతుంది. ‘అప్‌డేట్’, ‘ఇన్‌స్టాల్’ రెండూ ఒకే ‘రన్’ వరుసలో, మధ్య రెండు యాంపర్‌శాండ్‌లతో ఉండాలి. విడివిడిగా పెడితే అప్‌డేట్ పొర పాతది క్యాష్ నుంచి వస్తుంది. దాని జాబితాలోని వెర్షన్లు సర్వర్ నుంచి ఎప్పుడో తొలగిపోయి ఉంటాయి. 404 ఎర్రర్ అందుకే.

ప్రశ్న: క్లౌడ్‌లో కొత్త మెషీన్ లేవగానే స్క్రిప్టు నడుస్తుంది. ఒక్కోసారి ‘లాక్-ఫ్రంటెండ్ దొరకలేదు’ అని ఆగిపోతుంది, ఒక్కోసారి బాగానే సాగుతుంది. లాక్ ఫైలును తీసేసే వరుస స్క్రిప్టులో పెట్టమంటారా? (విశాఖపట్నం)

పెట్టకండి. కొత్త మెషీన్ లేవగానే ‘ఆప్ట్-డైలీ’, ‘ఆప్ట్-డైలీ-అప్‌గ్రేడ్’ అనే సిస్టండీ (సర్వీసులను లేపి నడిపేది) సర్వీసులు భద్రతా అప్‌డేట్ల కోసం పని మొదలుపెడతాయి. మీ స్క్రిప్టు వాటితో పరుగు పందెం ఆడుతోంది. ఎవరు ముందు వెళ్తే లాక్ వాళ్లది. అందుకే ఒకసారి అలా, ఒకసారి ఇలా.

లాక్ అంటే ఫైలు ఉండటం కాదు. ఆ ఫైలు మీద కెర్నెల్ ఒక ప్రాసెస్‌కు ఇచ్చిన హక్కు. పనేమీ జరగనప్పుడు కూడా ఫైలు అక్కడే ఉంటుంది. దాన్ని తీసేస్తే మొదటి ప్రాసెస్ చేతిలో పాత ఫైలు, రెండోదాని చేతిలో కొత్త ఫైలు ఉంటాయి. రెండూ తమదే లాక్ అనుకుని ‘/వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్’ను ఒకేసారి రాస్తాయి. ఆ స్టేటస్ ఫైలు చెడితే ఏ ప్యాకేజీ ఉందో లేదో మెషీన్‌కే తెలియదు.

ఉబుంటు 20.04, డెబియన్ 11 నుంచి ఆప్ట్‌కే ఆగి చూడటం వచ్చు:

ఆప్ట్-గెట్ -ఓ డీపీకేజీ::లాక్::టైమౌట్=300 ఇన్‌స్టాల్ -వై …

300 అంటే సెకన్లు. -1 ఇస్తే ఎంతసేపైనా ఆగుతుంది. అయితే ఇది డీపీకేజీ లాక్‌కే. ‘ఆప్ట్-గెట్ అప్‌డేట్’ పట్టుకునే జాబితాల లాక్ వేరు, అది దొరక్కపోతే వెంటనే విఫలమవుతుంది. అప్‌డేట్‌ను మాత్రం 10 సెకన్ల విరామంతో ఓ డజను సార్లు ప్రయత్నించే లూపులో పెట్టండి. లూపుకు హద్దు ఉండాలి, లేకపోతే నెట్ లేని మెషీన్ మీద తెల్లారేదాకా తిరుగుతుంది.

క్లౌడ్-ఇనిట్ (కొత్త మెషీన్‌ను మొదటిసారి సిద్ధం చేసే ప్రోగ్రాం) పని ముగిసేదాకా ఆగే ‘క్లౌడ్-ఇనిట్ స్టేటస్ --వెయిట్’ కూడా మంచి ఉపాయమే. కానీ మీ స్క్రిప్టును నడిపేదే క్లౌడ్-ఇనిట్ అయితే దాన్ని వాడకూడదు. స్క్రిప్టు ముగిసేదాకా క్లౌడ్-ఇనిట్ ముగియదు, క్లౌడ్-ఇనిట్ ముగిసేదాకా స్క్రిప్టు కదలదు.

మధ్యలో కరెంటు పోయో, ఎవరో ఆపేసో ‘డీపీకేజీకి అంతరాయం కలిగింది’ అని వస్తుంటే ‘డీపీకేజీ --ఫోర్స్-కాన్ఫ్‌డెఫ్ --ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్ --కాన్ఫిగర్ -ఏ’, దాని వెనక ‘ఆప్ట్-గెట్ -ఎఫ్ -వై ఇన్‌స్టాల్’ నడపండి.

ప్రశ్న: ‘ఎస్ఎస్‌హెచ్ సర్వర్ బ్యాష్ -ఎస్ < సెటప్.ఎస్‌హెచ్’ అని నడుపుతున్నాను. మొదటి ఆప్ట్-గెట్ అయ్యాక మిగతా వరుసలు నడవడం లేదు. ఎర్రర్ లేదు, ఎగ్జిట్ కోడ్ సున్నా, అంటే విజయమే. (డాలస్)

ఇలా నడిపినప్పుడు బ్యాష్ అనే షెల్ మీ స్క్రిప్టును స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి కొంచెం కొంచెంగా చదువుకుంటూ నడుపుతుంది. అది పుట్టించిన ఆప్ట్-గెట్‌కూ, దాని కింద నడిచే ప్యాకేజీ స్క్రిప్టులకూ అదే ఇన్‌పుట్ వారసత్వంగా వస్తుంది. వాటిలో ఏ ఒక్కటి ఇన్‌పుట్ చదివినా అది మింగేది మీ స్క్రిప్టులోని మిగతా వరుసలనే. బ్యాష్ తిరిగి చూసేసరికి చదవడానికేమీ ఉండదు. పని అయిపోయిందనుకుని సున్నాతో వెళ్లిపోతుంది. ఏ ప్యాకేజీ చదువుతుందో దాన్నిబట్టి జరుగుతుంది కాబట్టి ప్రతిసారీ కనపడదు కూడా.

ప్రతి ఆప్ట్-గెట్ వరుస చివర ‘< /డెవ్/నల్’ పెట్టి ఖాళీ ఇన్‌పుట్ ఇవ్వడం మొదటి మందు. దీనివల్ల ఇంకో లాభం ఉంది. డీపీకేజీ ఏదైనా అడగబోతే ‘ఇన్‌పుట్ అయిపోయింది’ అని ఎర్రర్ ఇచ్చి విఫలమవుతుంది. వేలాడుతూ ఉండటం కంటే విఫలమవడమే నయం, కనీసం లాగులో తెలుస్తుంది. రెండో మందు, స్క్రిప్టు మొత్తాన్ని ‘మెయిన్’ అనే ఫంక్షన్‌లో పెట్టి చివరి వరుసలో దాన్ని పిలవడం. అప్పుడు బ్యాష్ ఫంక్షన్‌ను పూర్తిగా చదివాకే నడపడం మొదలుపెడుతుంది.

ప్యాకేజీల జాబితాను ఫైలులో పెట్టుకుని ‘వైల్ రీడ్’ లూపులో ఒక్కొక్కటీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లకూ ఇదే జరుగుతుంది. మొదటి ప్యాకేజీతోనే లూపు ముగిసిపోతుంది. అసలు ఆ లూపే వద్దు. పేర్లన్నీ ఒకే ఆప్ట్-గెట్ కమాండుకు ఇస్తే డిపెండెన్సీల లెక్క ఒక్కసారే జరుగుతుంది, మ్యాన్-డీబీ లాంటి ట్రిగ్గర్లు (ఇన్‌స్టలేషన్ చివర నడిచే పనులు) కూడా ప్యాకేజీ ప్యాకేజీకీ నడవవు.

ప్రశ్న: చేత్తో నడిపితే సరిగ్గా నడిచే స్క్రిప్టు రూట్ క్రాన్‌ట్యాబ్‌లో (నిర్ణీత వేళల్లో నడిచే పనుల జాబితా) పెడితే ‘ఎల్‌డీకాన్ఫిగ్ పాత్‌లో లేదు’ అంటోంది. (కర్నూలు)

క్రాన్‌ట్యాబ్‌లో పాత్ (కమాండ్లను వెతికే డైరెక్టరీల జాబితా) మామూలుగా ‘/యుఎస్ఆర్/బిన్’, ‘/బిన్’ మాత్రమే. ఎల్‌డీకాన్ఫిగ్, స్టార్ట్-స్టాప్-డెమన్ ఉండేది ‘ఎస్‌బిన్’లలో. అవి కనపడకపోతే డీపీకేజీ పని మొదలే పెట్టదు. ‘/యుఎస్ఆర్/లోకల్/ఎస్‌బిన్’, ‘/యుఎస్ఆర్/ఎస్‌బిన్’, ‘/ఎస్‌బిన్’ మూడింటినీ కలిపి స్క్రిప్టు పైన పాత్‌ను ఎక్స్‌పోర్ట్ చేయండి.

ప్రశ్న: ఎర్రర్ రాగానే స్క్రిప్టు ఆగేలా ‘సెట్ -ఈ’ పెట్టినా నెట్ లేనప్పుడు అప్‌డేట్ విఫలమై స్క్రిప్టు ముందుకే వెళ్తోంది. అలాగే ప్యాకేజీ ఉందో లేదో ‘డీపీకేజీ -ఎస్’తో చూస్తుంటే తీసేసినదాన్ని కూడా ఉందంటోంది. (వరంగల్)

మొదటిది: కొన్ని జాబితాలు దిగకపోతే ఆప్ట్-గెట్ దాన్ని హెచ్చరికగానే చూస్తుంది. పాత జాబితాలతో సరిపెట్టుకుని సున్నా ఇస్తుంది. ఉబుంటు 22.04, డెబియన్ 12లలో ‘ఆప్ట్-గెట్ అప్‌డేట్ --ఎర్రర్-ఆన్=ఎనీ’ అంటే నిక్కచ్చిగా విఫలమవుతుంది.

రెండోది: ‘రిమూవ్’ చేసిన ప్యాకేజీ కాన్ఫిగరేషన్ ఫైళ్లు మిగిలే ఉంటాయి. ఆ స్థితిలో కూడా ‘డీపీకేజీ -ఎస్’ సున్నానే ఇస్తుంది. ‘డీపీకేజీ-క్వెరీ -డబ్ల్యూ’తో (ఇక్కడ ‘డబ్ల్యూ’ పెద్ద అక్షరం) స్టేటస్ తీసుకుని అందులో ‘ఇన్‌స్టాల్ ఓకే ఇన్‌స్టాల్డ్’ ఉందో లేదో చూడాలి. నిజానికి ఈ పరీక్ష చాలాసార్లు అనవసరం. ఉన్న ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నా ఆప్ట్-గెట్ ఏమీ పాడుచేయదు. కొత్త వెర్షన్ ఉంటే మాత్రం ఎక్కిస్తుంది. అది వద్దనుకుంటే ‘--నో-అప్‌గ్రేడ్’ చేర్చండి. స్క్రిప్టుల్లో ‘ఆప్ట్’ బదులు ‘ఆప్ట్-గెట్’ వాడమని ఆప్టే హెచ్చరిస్తుంది, ఆ మాట వినండి.

ప్రశ్న: రెడ్ హ్యాట్ కుటుంబంలో కూడా ఇంత తతంగం ఉందా? (హైదరాబాద్)

లేదు. అక్కడ వాడే ఆర్‌పీఎం ప్యాకేజీలు ఇన్‌స్టలేషన్ మధ్యలో ప్రశ్నలు అడగవు. అక్కడి ఇన్‌స్టలేషన్ కమాండ్ డీఎన్ఎఫ్‌కు ‘డీఎన్ఎఫ్ -వై’ చాలు. కాన్ఫిగరేషన్ ఫైళ్ల దగ్గర అడగడానికి బదులు ‘.ఆర్‌పీఎమ్‌న్యూ’, ‘.ఆర్‌పీఎమ్‌సేవ్’ ఫైళ్లు వదిలివెళ్తుంది. జాగ్రత్త పడాల్సింది ‘డీఎన్ఎఫ్ చెక్-అప్‌డేట్’ దగ్గర. అప్‌డేట్లు ఉంటే అది 100 ఇస్తుంది, ‘సెట్ -ఈ’ దాన్ని ఎర్రర్ అనుకుని స్క్రిప్టును చంపేస్తుంది. సూసె లినక్స్‌లో ‘జిప్పర్ --నాన్-ఇంటరాక్టివ్’ అని ఆప్షన్ సబ్‌కమాండ్‌కు ముందే రావాలి. దాని ఎగ్జిట్ కోడ్ 102 అంటే వైఫల్యం కాదు, రీబూట్ కావాలని.

ప్రశ్న: బయటి రిపాజిటరీ కీ చేర్చే వరుస మొదటిసారి బాగానే నడుస్తుంది. స్క్రిప్టు రెండోసారి నడిపితే ఆగుతోంది. (తిరుపతి)

కీని బైనరీ రూపంలోకి మార్చే ‘జీపీజీ --డీఆర్మర్’, ఫైలు ఇప్పటికే ఉంటే ‘దాని మీదే రాయనా?’ అని అడుగుతుంది. టెర్మినల్ లేకపోతే ‘/డెవ్/టీటీవై తెరవలేను’ అని చస్తుంది. ‘--యెస్’ చేర్చండి. ‘యాడ్-ఆప్ట్-రిపాజిటరీ’ కూడా ఎంటర్ నొక్కమంటుంది, దానికి ‘-వై’.

ప్రశ్న: ఇమేజ్ తయారు చేసేటప్పుడు ప్యాకేజీ పడగానే దాని సర్వీసు తనంతట తానే లేవకుండా ఆపడం ఎలా? (నెల్లూరు)

‘/యుఎస్ఆర్/ఎస్‌బిన్/పాలసీ-ఆర్‌సీ.డీ’ అనే ఫైలులో షెబాంగ్ వరుస (‘#!’తో మొదలయ్యేది), దాని కింద ‘ఎగ్జిట్ 101’ రాసి, ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వండి. 101 అంటే ఈ పని నిషిద్ధం అని. ప్యాకేజీ స్క్రిప్టులు సర్వీసును లేపే ముందు దీన్ని అడుగుతాయి. ఇమేజ్ ముగించే ముందు ఆ ఫైలును తీసేయడం మరిచిపోతే, ఆ ఇమేజ్‌తో లేచిన మెషీన్లలో కొత్తగా వేసే ఏ ప్యాకేజీ సర్వీసూ లేవదు, అప్‌గ్రేడ్ అయిన సర్వీసు రీస్టార్ట్ కూడా కాదు.